మా నాయినమ్మ మానిక, మా నాయిన కాంటా

మా ఇంట్లో తిండిగింజలకు కిలో అన్న మాటే ఉండేది కాదు. నాయినమ్మ లెక్కంతా గిద్దె, సోల, తవ్వ, మానిక. నాలుగు గిద్దెలైతే సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. పొద్దున్నే నాయిన సైకిలెక్కి బాదేపల్లి మార్కెట్‌కు పోతే అక్కడ మానిక పేరెత్తేవాళ్లు లేరు. అక్కడంతా కాంటా, బాట్లు (తూకం రాళ్లు), క్వింటాళ్లు. ఆయన అక్కడ దడువాయి. రైతు తెచ్చిన సరుకును కాంటా పెట్టి, అందరికీ వినబడేటట్టు తూకం చెప్పి, తక్‌పట్టీ అనే తూకం చీటీ మీద రాయించే మనిషి. జడ్చర్ల చుట్టుపక్కల వాళ్లకు ఈ మాట కొత్త కాదు, మిగతావాళ్ల కోసం చెప్తున్నా.

ఒకే ఇంట్లో ఒకరు కొలిచేవాళ్లు, ఒకరు తూచేవాళ్లు. వాళ్లిద్దరి మధ్య పెరిగినందుకేనేమో, ఇప్పటికీ ఏ వస్తువు చూసినా ఇది లీటరుకు ఎంత తూగుతుంది అని మనసులో లెక్క నడుస్తూనే ఉంటుంది.

కల్లం నుంచి గింజలు ఇంటికి చేరిన రోజు నాయినమ్మ రాశి ముందు మోకాళ్ల మీద కూర్చునేది. మానికను గింజల్లోకి గుచ్చి పైకెత్తి, అరచేత్తో అంచు మీదుగా ఒక్కసారి తుడిచేది. అంచుకు సమంగా ఉన్న మానికే లెక్కలోకి వచ్చేది. ఒకటి అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టి, రెండు, మూడు అంటూ పోయి, ఏడు దగ్గర ‘ఆరున్నొకటి’ అని ఎనిమిదిలోకి వెళ్లేది. మధ్యలో ఎవరు పలకరించినా జవాబు ఉండదు. చేయి ఆపి, ఆగిన అంకెనే మళ్లీ మళ్లీ అనుకుంటూ ఉండేది, వాళ్లు వెళ్లిపోయేదాకా.

ఊళ్లో నాగుకు, అంటే వడ్డీకి గింజలప్పు ఇచ్చే ఇంటికి పోయినప్పుడు మాత్రం ఆమె చూపు కొలిచేవాళ్ల చేతి మీదే ఉండేది. ఇచ్చేటప్పుడు మానికను పైపైన నింపి, అంచు కొట్టి పోసేవాళ్లు. తిరిగి తీసుకునేటప్పుడు అదే మానికను కుదిపి, గోపురం నిలబడేదాకా పోయించుకునేవాళ్లు. కుదిపితే గింజలు సర్దుకుని మధ్యలో ఖాళీ తగ్గుతుంది, ఇంకో పిడికెడు పడుతుంది. గోపురం దాని మీద అదనం. ఒకటికి ఒకటిన్నర అన్న వడ్డీ పైన ఇది కంటికి కనబడని ఇంకో వడ్డీ. గిన్నె మారలేదు, లోపలి బరువు మారింది. నాయినమ్మ బడికి పోలేదు గానీ ఈ సంగతి ఆమెకు బాగా తెలుసు. “కుదపకు, పోసినట్లే ఉండనీ” అని వాళ్ల మొహం మీదే అనేది.

అందుకే మా నాయినకు కాంటా అంటే అంత గురి. దేశంలో తూనికలు కొలతల చట్టం 1956లో వచ్చింది, 1958 అక్టోబర్ నుంచి మెట్రిక్ బాట్లు మెల్లగా మార్కెట్లలోకి దిగాయి. అంతకుముందు ఊరికో సేరు, ఇంటికో మానిక. మా మానికకూ పక్క ఊరి మానికకూ పొంతన ఉండేది కాదు. కిలో వచ్చాక ఎక్కడైనా కిలో కిలోనే. నాయిన ఆ మాట చెప్పేటప్పుడు గొంతులో ఒక నిబ్బరం ఉండేది.

సెలవుల్లో నన్ను మార్కెట్‌కు తీసుకుపోయేవాడు. పల్లికాయ సీజన్లో యార్డంతా మట్టివాసన, కుప్పల మధ్య నడవడానికి సందు ఉండదు. కాంటా దగ్గర నాయిన చేసే పని నేను దగ్గరగా చూశాను. బస్తా ఎక్కించక ముందే దాని చెవి పట్టుకుని కొంచెం లేపి వదిలేవాడు. అంతే, బరువు ఆయన చేతికి తెలిసిపోయేది. పల్లికాయ పిడికిట్లో పట్టుకుని చెవి దగ్గర ఊపేవాడు. బాగా ఎండితే లోపల గింజ గలగలమంటుంది, పచ్చిగా ఉంటే చప్పుడు ఉండదు. చప్పుడు లేని కాయలో నీళ్లున్నట్టే, తూకంలో ఆ నీళ్లకు కూడా రేటు పడుతుంది. కాంటా మీద ముల్లు నిలబడ్డాక సంచి బరువు తరుగు తీసి, అంకె గట్టిగా చెప్పేవాడు.

ఎవరైనా రైతు “పది బస్తాలు తెచ్చిన” అంటే ఆయన మొదట అడిగే మాట ఒకటే: “బస్తాల ఏముంది?” నాకు అదేం ప్రశ్న అనిపించేది. ఒకరోజు ఆయనే చెప్పాడు. అప్పట్లో వాడే పెద్ద గోనె సంచిలో బియ్యం నింపితే క్వింటా. అదే సంచిలో వడ్లు నింపితే 70 కిలోల దగ్గర. పల్లికాయ నింపితే 35 కిలోలు దాటడం కష్టం. సంచి కుట్టు మారలేదు, నిండుదనం మారలేదు. హమాలీ వీపుకు మాత్రం మూడూ వేరే. పల్లికాయ రోజుల్లో హమాలీలు నవ్వుకుంటూ పనిచేసేవాళ్లు, బియ్యం లోడు వచ్చిన రోజు మాటలు తగ్గిపోయేవి.

ఇంట్లో కొలతకూ తూకానికీ అసలు గొడవ వచ్చింది వడ్ల దగ్గర. మాది మెట్ట ఊరు, జొన్నలు, ఆముదాలు, పల్లికాయే ఎక్కువ. చెరువు కింద ఉన్న కాస్త మడిలో పండిన వడ్లను మొదట ఇంట్లోనే దంచుకునేవాళ్లం. తర్వాత ఊళ్లోకి మిల్లు వచ్చింది. నాయినమ్మ ఎనిమిది మానికల వడ్లు కొలిచి పంపింది. బియ్యం వచ్చాక మళ్లీ కొలిస్తే నాలుగు మానికలకు కొంచెం తక్కువ. “సగానికి సగం పోయినయి, మిల్లాయన ముంచిండు” అని ఆమె పట్టు. మిల్లు ఆయనేమో క్వింటా వడ్లకు 67 కిలోల బియ్యం లెక్కన ఇచ్చానంటాడు. ఒకరు సగం అంటున్నారు, ఒకరు మూడింట రెండు వంతులు అంటున్నారు. ఇద్దరిలో ఒకరు తప్పు చెప్తున్నారనే ఎవరైనా అనుకుంటారు.

నాయిన సాయంత్రం వచ్చి, ఇద్దరి లెక్కా విని, చిన్న కాంటా తెచ్చుకున్నాడు. మా మానికకు ఇంచుమించు మూడు లీటర్లు పడుతుంది. దాని నిండా వడ్లు పోసి తూచితే 1,700 గ్రాముల చుట్టుపక్కల వచ్చింది. అదే మానికలో బియ్యం పోసి తూచితే రెండున్నర కిలోలు. అమ్మ దీపం పట్టుకుని నిలబడింది, నాయినమ్మ ముల్లునే చూస్తూ ఉంది.

“చూడమ్మా, మానెడు వడ్లు 1,700. అందుల మూడింట రెండొంతులు బియ్యమంటే 1,140. మానెడు బియ్యం రెండున్నర కిలోలు కాబట్టి, ఆ 1,140 మానికల పోస్తే సగానికి కొంచెం తక్కువకే వస్తది. మిల్లాయన తప్పు లేదు, నీ కొలత తప్పు లేదు.”

వడ్లగింజ మీద ఊక ఉంటుంది, పైన గరుకు. గింజకూ గింజకూ మధ్య ఖాళీ ఎక్కువ. ఊక పోయి బియ్యం అయ్యాక గింజలు దగ్గర దగ్గరగా సర్దుకుంటాయి. బరువు మూడింట ఒక వంతు తగ్గితే, చోటు సగానికి పైగా తగ్గుతుంది. నాయినమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత “మా అత్త కూడా దంచితే సగమనే చెప్పేది” అంది. తరాలుగా వాళ్లు కొలతలో చెప్పుకున్న లెక్క, మిల్లుల తూకంలో ఉన్న 67 శాతం, రెండూ ఒకే నిజమని ఆ రోజు మా ఇంట్లో తేలింది. నాకు సాంద్రత అంటే ఏంటో ఆ రాత్రే అర్థమైంది, పేరు తర్వాత తెలిసింది.

ఆ పేరు చెప్పింది హైస్కూల్లో సైన్స్ సారు. బోర్డు మీద సూత్రం రాసి వదిలేసే మనిషి కాదాయన. ఇంట్లో ఉన్నదేదైనా ఒక సంచిలో తెమ్మన్నారు. కిరాణా కొట్టు నుంచి త్రాసు వచ్చింది, పాలు పోసే లీటరు కొలత ఒకటి వచ్చింది. మేం తెచ్చినవన్నీ ఒక్కొక్కటిగా పోసి తూచాం. ఊక వంద గ్రాములకు అటూఇటూ. పల్లికాయ పావుకిలో దాటి కొంచెం. వడ్లు 570 దగ్గర. జొన్నలు 700 పైన. బియ్యం, కందిపప్పు, చక్కెర మూడూ 800 నుంచి 850 మధ్య. నీళ్లు సరిగ్గా కిలో. పొడి ఇసుక 1,600. వాగులో ఇసుక తెచ్చిన పిల్లవాడు ఆ రోజంతా గెలిచినట్టు తిరిగాడు.

ఆ తర్వాత సారు అదే కొలత నిండా కంకర పోసి, పైనుంచి మెల్లగా నీళ్లు పోయడం మొదలుపెట్టారు. నిండిందనుకున్న గిన్నెలోకి 400 మిల్లీలీటర్లకు పైగా నీళ్లు దిగాయి. మేం నోరు తెరుచుకుని చూశాం. కంకర మధ్య అంత గాలి ఉందన్నమాట. బియ్యపుగింజ విడిగా నీళ్లలో వేస్తే మునుగుతుంది, అంటే నీళ్లకన్నా గింజ సాంద్రత ఎక్కువ. అయినా లీటరు బియ్యం లీటరు నీళ్లకన్నా తేలిక. తేడా అంతా గింజల మధ్య గాలిదే. అందుకే గింజలు, ఇసుక, సిమెంటు లాంటి వాటికి వస్తువు సాంద్రత వేరు, కుప్పగా పోసినప్పటి సాంద్రత వేరు. మనకు రోజూ పనికొచ్చేది రెండోది.

సారు చెప్పిన ఇంకో మాట నేను ఇప్పటికీ వాడుతున్నా. లీటరుకు ఎన్ని కిలోలు, మిల్లీలీటరుకు ఎన్ని గ్రాములు, ఘనపు మీటరుకు ఎన్ని టన్నులు, మూడింటికీ అంకె ఒకటే. ఇసుకకు 1.6 అని గుర్తుంటే చాలు. గ్లాసుకైనా, ట్రాక్టర్‌కైనా, ఎంత చోటుందో దాన్ని 1.6తో గుణిస్తే బరువు వస్తుంది. బరువు తెలిసి చోటు కావాలంటే భాగిస్తే సరి. పేపర్లో సాగర్‌లోకి వచ్చిన నీళ్లు ఇన్ని టీఎంసీలు అని చదివినప్పుడల్లా చేయి ఆగదు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. నీళ్ల అంకె ఒకటి కాబట్టి 2.83 కోట్ల టన్నులు.

అమ్మ బర్రెపాలు కేంద్రానికి పోసేది. అక్కడ లాక్టోమీటర్ వేసి చూసేవాళ్లు. పాలు నీళ్లకన్నా కొంచెమే బరువు, లీటరు 1,030 గ్రాముల దగ్గర ఉంటుంది. మీటరు మీద 30 అని కనబడేది ఆ 1.030లోని 30. నీళ్లు కలిపితే అంకె తగ్గుతుంది. వెన్న తీస్తే పెరుగుతుంది, ఎందుకంటే పాలలో తేలికైనది వెన్నే. వెన్న తీసి, నీళ్లు కలిపితే అంకె మళ్లీ మామూలుగానే కనబడుతుంది. అందుకే ఒక్క లాక్టోమీటర్‌ను నమ్మకుండా వెన్న శాతం కూడా చూస్తారు. అమ్మకు వచ్చిన చిక్కు వేరే. అప్పుడే పితికిన వెచ్చటి పాలలో లాక్టోమీటర్ ఎక్కువ లోతుకు దిగి అంకె తక్కువ చూపిస్తుంది. ఒకట్రెండు సార్లు కేంద్రంలో నీళ్లు కలిపావన్నట్టు మాట్లాడారు. చుక్క నీళ్లు కలపని మనిషికి ఆ మాట ఎంత కష్టంగా ఉంటుందో నేను చూశాను. కాసేపు ఆగి, చల్లారాక మళ్లీ చూడమని నాయిన చెప్పించాడు. అంకె సరిగ్గా వచ్చింది.

నూనె సంగతి ఇప్పటి ఇళ్లకు కూడా పనికొస్తుంది కాబట్టి చెప్తా. పల్లీనూనె అయినా, సన్‌ఫ్లవర్ అయినా లీటరుకు 910 గ్రాముల చుట్టూ ఉంటుంది. ఆముదం కొంచెం చిక్కన, 960. కిరోసిన్ 800. ఐదు లీటర్ల కిరోసిన్ డబ్బా మోస్తే నాలుగు కిలోలే, అందుకే రేషన్ షాపు నుంచి వచ్చేటప్పుడు చేయి అంత లాగేది కాదు. కొట్లో 15 కిలోల నూనె డబ్బా, 15 లీటర్ల నూనె డబ్బా రెండూ ఉంటాయి, చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. లీటర్ల డబ్బాలో ఉండేది 13 కిలోల 650 గ్రాములే. ఒక్క డబ్బా దగ్గరే కిలోకు పైగా తేడా. పైగా నూనె వేడెక్కితే ఉబ్బుతుంది, అదే లీటరు తక్కువ తూగుతుంది. ఎక్కువ ఉష్ణోగ్రత రాసి లీటరు కొలత చూపించే పద్ధతిని ఆపమని, దాని పక్కన సరైన బరువు రాయమని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 ఆగస్టులో కంపెనీలకు చెప్పింది. ప్యాకెట్ మీద గ్రాములు చూసి కొనండి. మా నాయిన ఉంటే ఇదే చెప్పేవాడు.

మేం ఊళ్లో ఇల్లు కట్టుకున్నప్పుడు ఈ లెక్కలే మళ్లీ ఎదురొచ్చాయి. 50 కిలోల సిమెంటు బస్తా 35 లీటర్ల చోటు. మేస్త్రి ఇసుక, కంకర కొలిచే చెక్క ఫర్మా కూడా అంతే ఉండాలి: 35 సెంటీమీటర్లు, 25, 40. అప్పుడు ఒక బస్తాకు ఎన్ని ఫర్మాలన్నది సూటిగా వస్తుంది. సలాకకు, అంటే ఇనుప కడ్డీకి, వేరే సూత్రం చెప్పాడు. మిల్లీమీటర్లలో మందాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు సలాక బరువు. పన్నెండు ఎంఎం అయితే 144ను 162తో భాగించాలి, 0.89 కిలో. ఆ 162 ఎక్కడిదో నేను రాత్రి కాగితం మీద వేసి చూసుకున్నా. ఉక్కు సాంద్రత 7,850, దాన్ని గుండ్రటి సలాక వైశాల్యంతో కలిపితే వచ్చేది అదే. కంచెకు వేసిన రాతి కడీలు కూడా అట్లాగే: మన గ్రానైటు ఘనపుటడుగు 75 కిలోలు. ఆరంగుళాల వెడల్పు, నాలుగంగుళాల మందం, ఏడడుగుల పొడవున్న కడీ 87 కిలోలు. ఇద్దరు మనుషులు భుజానికెత్తుకుని పొలం దాకా తెచ్చి పాతారు.

ఇసుక దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. కొంచెం తడిగా ఉన్న ఇసుక ఉబ్బుతుంది. రేణువుల చుట్టూ నీటి పొర చేరి వాటిని ఎడంగా నిలబెడుతుంది. ఐదారు శాతం తడి ఉంటే చోటు పాతిక శాతం దాకా పెరగవచ్చు. ట్రాలీ నిండుగానే కనబడుతుంది, ఇసుక తక్కువ ఉంటుంది. చూడటానికి ఒక గాజు సీసా చాలు. అందులో 20 సెంటీమీటర్ల ఎత్తు తడి ఇసుక పోసి, మునిగేదాకా నీళ్లు పోసి కదిలిస్తే 16కు దిగిందనుకోండి, నాలుగో వంతు ఉబ్బు ఉన్నట్టు. పూర్తిగా మునిగిన ఇసుక మళ్లీ పొడి ఇసుకంత చోటులోకే వస్తుంది. ఫర్మాతో కొలిచేటప్పుడు ఆ మేరకు ఎక్కువ వేసుకోవాలి, లేకపోతే కాంక్రీటులో ఇసుక తక్కువ పడుతుంది.

ఇవన్నీ రాస్తున్నా గానీ, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది మా పెద్దనాయిన, పెద్దమ్మల లెక్క. వాళ్లు మట్టిపనికి పోయేవాళ్లు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేశాక మా తాత తరం ఆ పనికి పోయింది, తర్వాతి తరం ఎక్కడ కాలువ తవ్వుతుంటే అక్కడికి పోయింది. పెద్దనాయిన గుంపు మేస్త్రి. గుంత లెక్క: పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, అడుగు లోతు. వంద ఘనపుటడుగులు. తవ్వేటప్పుడు మధ్యలో ఒక మట్టి దిమ్మెను ముట్టుకోకుండా వదిలేవాళ్లు. నేల మొదట ఎంత ఎత్తున ఉందో అది చూపిస్తుంది. కొలతలు తీసే మనిషి వచ్చి టేపు పట్టి, దిమ్మె ఎత్తు చూసి రాసుకునేవాడు. దిమ్మె కొంచెం విరిగినా ఆ మేరకు కూలి పోయినట్టే, అందుకని పిల్లలను దాని దగ్గరికి పోనిచ్చేవాళ్లు కాదు.

డబ్బులు చోటుకు ఇచ్చేవాళ్లు. మోసేది బరువు. మొరం నేలలో ఘనపు మీటరు 1,800 కిలోల దగ్గర ఉంటుంది. వంద ఘనపుటడుగులంటే 2.83 ఘనపు మీటర్లు, అంటే ఐదు టన్నుల పైన. తవ్విన మట్టి వదులై చోటు పాతిక శాతం దాకా పెరుగుతుంది గానీ, బరువు అంతే ఉంటుంది. తట్టకు 15 కిలోలు వేసుకున్నా 330కి పైగా తట్టలు. గడ్డపార పెద్దనాయినది, పార ఇంకొకరిది, తట్ట పెద్దమ్మది. మెత్తటి మట్టికీ గట్టి మొరానికీ రేటులో పెద్ద తేడా ఉండేది కాదు, నెత్తి మీద తేడా మాత్రం చాలా ఉండేది. ఒక పెద్ద కాంట్రాక్టు దగ్గర మొరాన్ని మామూలు మట్టి కింద రాసి బిల్లు చేశారని పెద్దనాయిన చివరిదాకా బాధపడ్డాడు.

పోయిన పండక్కి ఊరికి పోయినప్పుడు ఈ లెక్కంతా కాగితం మీద వేసి పెద్దమ్మకు చదివి వినిపించాను. గుంతకు ఐదు టన్నులు, 330 తట్టలు. ఆమె మంచం మీద కూర్చుని శ్రద్ధగా విన్నది. 330 దగ్గర తలూపింది. తట్టకు పదిహేను కిలోలంటే ఒప్పుకోలేదు.

“పదిహేనేంది బిడ్డా, ఇరవై కిలోలకు తక్కువ ఏనాడు మోయలే. తట్టలు తగ్గినయనుకో, బరువు పెరిగింది. ఇగ నల్లమట్టి వానకు తడిస్తె తట్టకే అంటుకుంటది, దులిపినా పోదు. ఖాళీ తట్ట తెచ్చినా అందుల రెండు కిలోల మట్టి ఉంటది. అది కూడ రాయి.”